మంచు పడేదాకా అమ్మ మాట్లాడదు

జూన్ 14

వెళ్ళనని మార్చి నుంచీ అంటున్నదాన్ని, ఇవాళ పిల్లల్ని మా కల్చరల్ సెంటరుకి తీసుకెళ్ళాను. వాన. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక టీవీ. ఆ టీవీ కూడా పొద్దున్నే పోయింది. ఇంకెక్కడికి పోతాను?

ఆ భవనం మీద నా కోపం ఈ సరస్సు చుట్టూ అందరికీ తెలుసు. పత్రికలో నా కాలమ్‌లో సగం దాని గురించే. పళ్ళ డాక్టర్ని పెట్టండయ్యా అంటే తెగ కౌన్సిల్ దగ్గర డబ్బుండదు. మా ఓజిబ్వే తెగ సంస్కృతికి దేవదారు గోడలు కట్టాలంటే మాత్రం మా కాసినో డబ్బుల పెట్టె తెరుచుకుంటుంది. మన ముత్తాతల చెప్పులు గాజు వెనకాల. ఆ చెప్పుల బొమ్మ వేసిన కాఫీ కప్పులు గాజు ముందర. బతికున్నవాళ్ళకి నడవడానికి రోడ్డు లేదు.

తలుపు దగ్గరే వెర్న్ బావ. మేనమామ కొడుకు. సెంటరంతా తన చేతుల మీదే నడుస్తుంది.

"వచ్చావా మరదలా! టికెట్టు కొని వెళ్తావా, తిట్టి వెళ్తావా?"

"మనవాళ్ళకి టికెట్టు లేదు."

"లేదు. తిట్టేవాళ్ళకి పెడదామని చూస్తున్నా. నీ ఒక్కదాంతో కప్పు మరమ్మతు అయిపోతుంది."

లోపల పెద్ద ఎలుగుబంటి, గడ్డి కూరినది. ఎమెట్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాడికి నాలుగేళ్ళు.

"నానమ్మా, ఇది చచ్చిపోయిందా, నటిస్తోందా?"

"చచ్చిపోయాక నటిస్తోంది," అంది రేనా. దానికి ఎనిమిది. నా పోలికే.

మూల తిరిగితే అమ్మ.

గోడకి ఫోటో, ఫోటో కింద బల్ల, బల్ల పక్కన ఎర్ర మీట. రేనా పేరు చదివింది: జోసెట్ బెలాంజర్. చదివి, నన్ను అడక్కుండానే నొక్కింది. అమ్మ గొంతు సవరించుకుంది.

కారు లైట్లు ఆపానో లేదో గుర్తు రాలేదు. చూసొద్దామని బయటికి వెళ్ళాను. ఆపే ఉన్నాయి. వాన సన్నబడేదాకా అక్కడే ఉన్నాను.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెప్పులు విప్పేసి, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో అమ్మ ముందు ఎలా కూర్చునేవాళ్ళో అలాగే.

"తాతమ్మ లోపల ఉంది," అన్నాడు ఎమెట్, గోడ చూపించి.

రేనా మొహం ముడుచుకుంది. "ఎండాకాలం కథ చెబితే కప్ప పక్కలోకి వస్తుందని తనే కదా అనేది! మంచు పడ్డాకే అడగమనేది. మరి తనే చెబుతోందేంటి?"

నిజమే! ఏం చెబుతోందో అప్పుడు గమనించాను. చలికాలం కథ. ఎవరి కథో పేరు కూడా ఇక్కడ రాయను, కిటికీ బయట కప్పలు అరుస్తున్నాయి. జూన్ నెలలో, ఐస్‌క్రీం తింటూ వచ్చే పోయే ప్రతి టూరిస్టుకీ మా అమ్మ చలికాలం కథ చెబుతోంది!

బావని అక్కడే పట్టుకున్నాను.

"అత్త జనవరిలో చెబితే రికార్డు చేశాను," అన్నాడు. "బయట మోకాలెత్తు మంచు. నేనే సాక్షిని."

"జనవరిలో చెప్పింది జూన్‌లో వినిపిస్తావా?"

"డబ్బాలో చేపలు ఏ నెలలో పట్టారో చూసి తింటావా నువ్వు?"

"మా అమ్మ చేపా?"

ఆ మాట విని సెంటరు దుకాణంలో నిలబడ్డ ఇద్దరు తెల్లవాళ్ళు కప్పులు కింద పెట్టేశారు. పెడితే పెట్టారు.


జూన్ 15

నా కొడుకు కర్టిస్ ఫోన్ చేశాడు. వాడు పనిచేసే ఓడ డులూత్ రేవులో ఇనప ఖనిజం ఎక్కించుకుంటోందట. పిల్లలెలా ఉన్నారని అడిగాడు. బాగున్నారన్నాను. నువ్వెలా ఉన్నావమ్మా అన్నాడు. నాకేం, అన్నాను. ఓడల మీద పనివాళ్ళకి ఎండాకాలమంతా సెలవు లేకపోవడం గురించి చెప్పాల్సింది చాలా ఉంది, చెప్పాను. వాడు లైన్లో నిద్రపోయాడనుకుంటాను.

పిల్లల అమ్మ మిల్వాకీలో. ఆ సంగతి ఇక్కడ వద్దు.


జూన్ 19

మళ్ళీ సెంటరుకి. పిల్లలు అడిగారు.

కారు లైట్లు చూసొచ్చాను. ఆపే ఉన్నాయి.


జూన్ 22

మళ్ళీ. ఎమెట్‌కి ఏ మాట తర్వాత ఏ మాటో వచ్చేసింది. మన భాష వాడికి రాదు, నాకూ సగమే వచ్చు, కానీ వాడు అమ్మతోపాటు గొణుగుతున్నాడు. అమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుంటే వాడూ అక్కడే తీసుకుంటున్నాడు.

బావ నా వెనక నిలబడి, "ఏంటి మరదలా, ఈ కారుకి లైట్లు వాటంతటవే వెలుగుతాయా?" అన్నాడు.

పాత కారు, అన్నాను.


జూన్ 24

కాలమ్ రాసి పంపాను. బాగా కుదిరింది. మచ్చుకి:

"కథ అడగాలంటే పొగాకు పట్టుకెళ్ళి పెద్దవాళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళు తీసుకుంటే చెబుతారు, తీసుకోకపోతే ఇంటికొస్తాం. కాదనే హక్కు చెప్పేవాళ్ళది. మీటకి కాదనే హక్కు లేదు. నొక్కినప్పుడల్లా పలికేది పెద్దమనిషి కాదు, శీతల పానీయాల మిషను. ఎండాకాలం నోరు మూసుకోవడం మూఢనమ్మకం అనేవాళ్ళకి నా జవాబు: అది మన పూర్వీకులు తమకి తాము రాసుకున్న సెలవు చట్టం. ఏడాదిలో సగం రోజులు ఎవరికీ, ఎంత డబ్బిచ్చినా దొరకని వస్తువు ఒక్కటైనా ఉన్న జాతి ఇంకా అమ్ముడుపోలేదని అర్థం. నేల తెల్లబడేదాకా ఆ మీట ఆపాలి. నాలుగు చినుకులు రాలితే కాదు. నేల తెల్లబడాలి."

ఈ "నేల తెల్లబడాలి" నాకు నచ్చింది. రెండుసార్లు పెట్టాను.

నన్ను చూస్తే నాకే నవ్వొస్తోంది. మా పండగల్లో ఆడవాళ్ళు డ్రమ్ము దగ్గర కూర్చోకూడదంటే నాలుగేళ్ళు కొట్లాడినదాన్ని, ఆచారం అనే మాట వింటేనే లేచి నిలబడేదాన్ని, ఇప్పుడు కప్పల తరఫున వాదిస్తున్నాను. దీనికీ దానికీ తేడా ఉంది. ఉంది. అక్కడ ఆచారం ఎవరి నోరో మూయించింది. ఇక్కడ...

ఇక్కడ కూడా అనుకో. కానీ ఇది వేరు.

అమ్మ గొంతన్న సంగతితో దీనికి సంబంధం లేదు. ఎవరి అమ్మయినా ఇదే రాసేదాన్ని.


జులై 2

ఎమెట్ పక్కలో కప్ప.

దుప్పటి దులుపుతుంటే చేతికి మెత్తగా తగిలింది. నా కేక విని అవతలి ఇంటివాళ్ళ కుక్క కూడా మొరిగింది. ఎమెట్ మాత్రం కదల్లేదు. గుమ్మంలో నిలబడి, నెగ్గినవాడిలా చూస్తున్నాడు. మోకాళ్ళ దాకా బురద.

"వచ్చేసింది," అన్నాడు.

"ఎవరు తెచ్చారు?"

"అదే వచ్చింది. నేను దారి చూపించానంతే."

"ఎందుకురా?"

"ఎండాకాలం కథ విన్నాం కదా నానమ్మా. కప్ప రావాలి. ఎంతకీ రావట్లేదు. ఇప్పుడు వచ్చేసింది కదా, ఇంక అయిపోయింది. మళ్ళీ వినొచ్చు."

రేనా గోడకి ఆనుకుని నవ్వుతోంది. వాడి లెక్కలో తప్పు పట్టుకుందామని చూశాను. ముప్పై ఏళ్ళుగా వాదించడమే నా పని. తప్పు దొరకలేదు.

కప్పని చెరువుగట్టున వదిలాం. ఎమెట్ దానికి థాంక్స్ చెప్పాడు.


జులై 8

బావ ఫోన్ చేశాడు. కాలమ్ చదివి ముసలివాళ్ళు కౌన్సిల్ ఆఫీసుకి వరసగా వచ్చి కూర్చున్నారట. కౌన్సిల్ ఒప్పుకుంది. నొక్కినా పలక్కుండా మీటకి తాళం వేశాడు, "మంచు పడ్డాక" అని అట్ట వేలాడదీశాడు.

"సంతోషమా?" అన్నాడు.

"న్యాయం జరిగితే సంతోషమే కదా."

"నేనడిగింది న్యాయం గురించి కాదు మరదలా."

పెట్టేశాను.


జులై 12

అసలు వెళ్ళకుండా ఉండాల్సింది. పిల్లలకి ముందే చెప్పాననుకున్నాను. రేనాకి చెప్పాను. రేనా వాడికి చెబుతుందనుకున్నాను.

ఎమెట్ పరిగెత్తుకుంటూ వెళ్ళి మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వేలు నొప్పి పుట్టిందేమో, అరచేత్తో నొక్కాడు. చెవి గోడకి పెట్టి విన్నాడు. పక్కన ఎవరో టూరిస్టు అమ్మాయి, "అయ్యో, పాడైనట్టుంది బాబూ," అంది.

నేను వంగి చెప్పాను, మంచు పడాలి నాన్నా, మంచు పడ్డాక తాతమ్మ మళ్ళీ చెబుతుంది అని. నిజంగా బాగానే చెప్పాను. సభల్లో చెప్పేదానికన్నా బాగా.

వాడు మీట మీంచి చెయ్యి తీశాడు.

"తాతమ్మ చచ్చిపోయింది," అన్నాడు.

మార్చిలో చెప్పాం. శవపేటిక దగ్గర కూర్చోబెట్టి చెప్పాం. అప్పుడు తలూపి, మిఠాయి అడిగాడు. ఏడవలేదు. ఇవాళ ఆ బల్ల మీద బోర్లా పడుకుని ఏడ్చాడు. రేనా వాడి వీపు మీద చెయ్యేసి నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను కౌన్సిల్ వాళ్ళని చూసే చూపు.


జులై 13

గెలిచాను.


ఆగస్టు 6

ఎక్కడికి వెళ్ళినా మెచ్చుకుంటున్నారు. ఇవాళ సరుకుల కొట్లో ఆర్విల్ ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆడది ముట్టుకుంటే డ్రమ్ము గొంతు పోతుందని నా మొహం మీదే అన్నవాడు. "ఇన్నాళ్ళకి దారిలోకొచ్చావమ్మా కొరీన్," అన్నాడు.

నేను దారిలోకి రాలేదు, దారే నా దగ్గరికొచ్చింది అన్నాను. ఆయన నవ్వాడు. ఇంటికొచ్చాక మోకాళ్ళు పట్టేశాయి.

సాయంత్రం అమ్మకి పళ్ళెం పెట్టాను. చేప, బెర్రీలు. గుమ్మం బయట చెట్టు మొదట్లో. రేనా తన వంతు బెర్రీల్లోంచి కొన్ని తీసి వేసింది. నాతో మాట్లాడదు. అన్నం పెట్టు, జడ వెయ్యి, అంతవరకే.


ఆగస్టు 17

అలిసిపోయాను. రాయడానికేం లేదు.


సెప్టెంబరు 3

సరస్సులో అడవి వరి పండింది. ఏటా అమ్మా నేనూ ఒక పడవ. ఈ ఏడు నాకు జత లేదని బావ వచ్చాడు. వద్దంటే పంట నీళ్ళలో పోతుంది. వాడు వెనక నిలబడి గెడ వేశాడు, నేను ముందు కూర్చుని కర్రలతో కంకులు వంచి కొట్టాను. వరి పురుగులు మెడంతా కుట్టాయి.

పడవలో ఒక ఇబ్బంది ఉంది. మాట నచ్చకపోతే లేచి వెళ్ళిపోలేం.

"నెమ్మదిగా కొట్టు మరదలా. అది వరి, కౌన్సిల్ కాదు."

"నువ్వు గెడ తిన్నగా వెయ్యి. దుకాణం నడిపి నడిపి చేతులు మెత్తబడ్డాయి."

"దుకాణం డబ్బుతోనే అత్త గొంతు పట్టుకున్నాను. మిషను ఊరికే వచ్చిందా?"

నేను కొడుతూనే ఉన్నాను.

"కాపీ చేసిస్తా," అన్నాడు వెనక నుంచి. "పిల్లలు ఇంట్లో వింటారు. ఎవరికీ తెలియదు."

"ఇంట్లో ఎండాకాలం వేరా? సెంటర్లో వేరా?"

"కాదు."

"మరి? ఊరందరికీ ఒక నీతి చెప్పి, తలుపు మూసుకుని నేను ఇంకోటి చెయ్యనా? కౌన్సిల్ వాళ్ళని ఏమని తిడుతున్నాను ఇన్నేళ్ళుగా?"

"సరే సరే. పడవ ఊగుతోంది."

ఇంకో మలుపు తిరిగాం. నీళ్ళ మీద ఎండ కళ్ళలో పొడుస్తోంది.

"ఒకటి అడగనా? నువ్వు ఒక్కసారైనా మొత్తం విన్నావా?"

"గాలి తిరిగింది. గెడ అటు వెయ్యి."

"గాలి ఎక్కడుంది?"

"వెయ్యమన్నానా!"

వేశాడు. ఇంక అడగలేదు. పడవ నిండింది. అమ్మ ఉంటే ఇంకో మడి కొట్టేవాళ్ళం.


సెప్టెంబరు 21

ఎమెట్ పొద్దున లేవగానే కిటికీ దగ్గరికి వెళ్తున్నాడు. అద్దం మీద చెమ్మ చూసి మంచు అంటున్నాడు. కాదు అని చెప్పడం నా పని. రోజూ పొద్దున్నే కాదు అనడంతో మొదలవుతోంది.

రేనా ఇవాళ నోరు విప్పింది. "నానమ్మా, నేల తెల్లబడాలి అని ఎందుకు రాశావు? మంచు పడాలి అంటే చాలదా?"

బలంగా ఉంటుందని రాశాను, అన్నాను.

"ఎవరికి బలం?"

దీన్ని సభలకి పంపాలి.


అక్టోబరు 2

వాన. వట్టి వాన.


అక్టోబరు 9

పొద్దున ఇంకా సరిగ్గా తెల్లారకుండానే ఎమెట్ నా రెప్పలు వేళ్ళతో పైకెత్తాడు. "నానమ్మా, కాదు అను చూద్దాం."

కిటికీలోంచి చూశాను. పడుతోంది. పెద్ద పెద్ద రేకులు, తడివి, నేలని తాకగానే కరిగిపోతున్నాయి. అక్టోబరు మొదట్లో పడే ఈ మంచు మంచు కాదు. అమ్మ అయితే దీనికి తల కూడా తిప్పేది కాదు.

"కాదు" అనడానికి నోరు తెరిచాను.

"కోట్లు వేసుకోండి," అన్నాను.

పడుకున్న బట్టల మీదే కోట్లు. దారంతా వైపర్లు పనిచేస్తూనే ఉన్నాయి, నాకు భయం, ఆగిపోతుందేమోనని. సెంటరు చేరేసరికి సగం ఆగిపోయింది. తలుపులింకా తెరవలేదు. బావ తాళం తీస్తున్నాడు. మమ్మల్ని చూశాడు. కోట్ల కింద పిల్లల పైజమాలు చూశాడు. నా తల చూసుకోలేదు నేను, దాన్ని కూడా చూశాడు.

"మంచు పడింది," అన్నాను.

"ఎక్కడ?"

"కళ్ళు లేవా? నీ కారు మీద చూడు."

"కారు నేలా?"

"కారు నేల మీదే కదా ఉంది!"

వాడికి పండగ. తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. "నాలుగు చినుకులు రాలితే కాదు. నేల తెల్లబడాలి. ఎవరు రాశారమ్మా ఇది? అట్ట కట్టించి లోపల పెట్టాను, తీసుకురానా?"

"బావా, మంచంటే ఎంత అని పూర్వీకులు ఎవరూ స్కేలు పెట్టి కొలవలేదు. ఆకాశం నుంచి తెల్లగా రాలిందా లేదా, అదీ లెక్క. నేలకి చేరాక కరిగితే అది నేల తప్పు, మంచు తప్పు కాదు. ఆచారాన్ని అక్షరాలా పట్టుకు వేలాడేవాళ్ళ వల్లే మనం ఇలా..."

ఆగాను. రేనా నన్ను నోరు తెరుచుకుని చూస్తోంది. నెలల తర్వాత దాని మొహం మీద నవ్వు.

"చెప్పు, చెప్పు," అన్నాడు బావ. "బాగుంది. రేపు పత్రికలో వెయ్యి."

"మీట తాళం తియ్యి వెర్న్."

"తీస్తే ముసలివాళ్ళు నన్ను తంతారు. నువ్వే కదా వాళ్ళని తయారుచేశావు?" అని, కొంచెం గొంతు తగ్గించి, "నేల మీద ఇంత కనిపించనీ మరదలా. గుప్పెడు చాలు. నేను చూశాను అని చెప్పుకోవాలి కదా," అన్నాడు.

వెతికాం. ముగ్గురం, వంగి, పోగొట్టుకున్న ఉంగరం వెతికినట్టు. గడ్డి మీద నీళ్ళు. రాళ్ళ మీద నీళ్ళు. నా మోకాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అంటున్నాయి. భవనం వెనక, ఎండ ఎప్పుడూ పడని చోట, గ్యాస్ ట్యాంకు పక్కన రేనా అరిచింది. మెట్ల కింద, దుప్పటి పరిచినంత మేర, నేల తెల్లగా ఉంది.

ఎమెట్ టోపీ తీసి నింపాడు. మట్టీ, రెండు ఆకులూ కూడా వచ్చాయి. టోపీ రెండు చేతులతో పట్టుకుని నడిచాడు, ఒలుకుతుందేమోనన్నట్టు. బావ ముందు ఎత్తి పట్టాడు.

బావ ఎగతాళి చెయ్యలేదు. వంగి, టోపీలో వేలు పెట్టి చూశాడు. "చల్లగానే ఉంది," అన్నాడు. తాళం చెవుల గుత్తి తీశాడు.

నా కోటు జేబులో పొగాకు ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎప్పుడు వేసుకున్నానో నాకు తెలియదు. ఒక చిటికెడు తీసి అమ్మ ఫోటో కింద పెట్టాను. తీసుకుంటుందో లేదో. పెట్టాను.

పిల్లలు చెప్పులు విప్పారు. నేనూ బూట్లు విప్పి బల్ల మీద వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. టోపీలోంచి నీళ్ళు నేల మీద చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. బావ తాళం తిప్పాడు. ఎమెట్ మీట నొక్కి, నా చెవిలో గుసగుసలాడాడు.

"ఇప్పుడు గొంతు సవరించుకుంటుంది."

అమ్మ గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు కుర్చీ కిర్రుమంటుంది."

కిర్రుమంది. నడుం నొప్పికి ఎడమవైపు ఒరిగేది అమ్మ, అదీ ఆ చప్పుడు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కిటికీ దగ్గర నిలబడ్డ బావ బయటికి చూసి నావైపు తిరిగాడు. "మరదలా," అన్నాడు మెల్లిగా, "నీ కారు లైట్లు వెలుగుతున్నాయి. ఒట్టు, ఈసారి నిజంగానే."

"వెలగనీ బావా," అన్నాను. "వచ్చి కూర్చో."